నాలుగో ప్రూఫు

అచ్చుతప్పు లేని పుస్తకాన్నీ, అత్తమీద ఫిర్యాదు లేని కోడల్నీ తను ఇంతవరకు చూడలేదని మా ప్రెస్సు ఫోర్‌మన్ అంటూ వుండేవాడు. రెండో సంగతి నాకు తెలియదు. మొదటిదానితో మాత్రం ముప్ఫయ్యేళ్ళపైగా కాపురం చేశాను.

1974లో నేను ప్రూఫ్ రీడరుగా చేరేటప్పటికి అక్షరాలంటే సీసపు అక్షరాలే. కంపోజిటరు కేసు ముందు నిలబడి, గళ్ళలోంచి ఒక్కొక్క అక్షరమే ఏరి, స్టిక్కులో పేర్చేవాడు. అచ్చయిపోయాక వాటిని విడదీసి మళ్ళీ ఎవరి గదుల్లోకి వాళ్ళని పంపించాలి. సాయంత్రంపూట ఆకలిమీద వున్న కుర్రాడెవడో 'ప' గడిలో 'వ' పడేశాడో, మర్నాడు పొద్దున్న 'పడ' కాస్తా 'వడ' అయి కూచునేది. ఇలాంటివి పట్టుకోవడానికే నాకు జీతం. గాలీ ప్రూఫు, పేజీ ప్రూఫు, మెషిన్ ప్రూఫు - మూడు ప్రూఫులు. మూడూ దాటుకుని కూడా తప్పు బయటపడేది. ఒకసారి ఒక మంత్రిగారికి 'ఘనస్వాగతం' అనబోయి 'ఘనస్వగతం' అని అచ్చువేశాం. ఒక్క దీర్ఘం ఎగిరిపోయింది. ఆ సభకి వెళ్ళి ఆయన ఉపన్యాసం రెండు గంటలు విన్నవాళ్ళు మాత్రం అది అచ్చుతప్పు కానేకాదన్నారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా గర్వం ఎంతెత్తున వుండేదో మీకు తెలియాలి కదా! రిటైరయ్యాక, ఎప్పుడెప్పుడో రాసుకున్న ముచ్చట్లన్నీ పోగుచేసి ఒక పుస్తకం వేశాను. నూటఎనభై పేజీలు, మూడువందల కాపీలు. డి.టి.పి. చేసిన అబ్బాయి విసుక్కుంటున్నా వదలకుండా మూడు ప్రూఫులూ నేనే చూశాను. ఈ పుస్తకంలో అచ్చుతప్పు చూపించినవాళ్ళకి తప్పుకి పది రూపాయలిస్తానని మా ఆవిడ ఎదుట పందెం కూడా కాశాను.

"పది రూపాయలకి ఇవాళ ఏమొస్తుందండీ, వెతకడానికి!" అంది మా ఆవిడ.

పుస్తకం అచ్చయిందనగానే గోదావరి జిల్లాలో వున్న మా బావ ఫోన్ చేశాడు. బావ అంటే రెండు వరసల బావ. మా మేనత్త కొడుకు, ఆ పైన మా అక్కయ్య మొగుడు. చిన్నప్పుడు ఒకే చెరువులో ఈతలు నేర్చినవాళ్ళం. పల్లెటూరి పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాడు. అక్కయ్య పోయి ఆరేళ్ళయింది. అంతకు రెండేళ్ళముందే బావకి చూపుపోయింది. నీటికాసులు. అది చప్పుడు చెయ్యకుండా వచ్చే దొంగ. కంటినరం దెబ్బతిని, చూపు అంచులనుంచి మెల్లిగా తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు మళ్ళీ రాదు. అరవయ్యెనిమిదో ఏట వేళ్ళని కూచోబెట్టి బ్రెయిల్ అక్షరాభ్యాసం చేయించడం బావవల్ల కాలేదు. అయితే వాళ్ళ మనవడు కంప్యూటర్లో ఒక మాటలమారిని పెట్టి ఇచ్చాడు. తెరమీద వున్నదాన్ని పైకి చదివి వినిపిస్తుంది. ఎన్‌విడిఎ అని దాని పేరు. 2006లో ఆస్ట్రేలియాలో ఒక చూపులేని కుర్రవాడే దాన్ని మొదలుపెట్టాడట. పైసా ఇవ్వక్కర్లేదు. గొంతు మాత్రం జలుబుచేసిన యముడిలా వుంటుంది గానీ తెలుగు చదువుతుంది.

"పుస్తకం పోస్టులో పంపకురా బామ్మర్దీ, తడిమి ఏం చేసుకోను? కంప్యూటరుది పంపు" అన్నాడు బావ.

డి.టి.పి. అబ్బాయి ఇచ్చిన పీడీఎఫ్‌ని పంపేశాను. మర్నాడు ఫోను.

"ఒరేయ్, నువ్వీ పుస్తకం ఏ భాషలో రాశావు?"

"అదేమిటి బావా, తెలుగులోనే!"

"అయితే విను" అని ఫోను కంప్యూటరు దగ్గర పెట్టాడు. నా మొదటి వ్యాసం, మొదటి వాక్యం. వారంరోజులు కుస్తీపట్టి రాసిన వాక్యం. దాన్ని ఆ యంత్రం ఇంగ్లీషు అక్షరాలతో, బ్రాకెట్లతో, డాలర్లతో, శాతాలతో ముక్కలుముక్కలుగా చదువుతోంది. కూరగాయల కొట్టువాడు పూనకమొచ్చి లెక్క చెబుతున్నట్టుంది.

మూడు ప్రూఫులు చూసిన పుస్తకంలో ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు!

* * *

ఇప్పుడు మా మనవరాలిని ప్రవేశపెట్టాలి. ఆ పిల్ల ఇక్కడే హైదరాబాద్‌లో ఒక కంప్యూటరు కంపెనీలో పనిచేస్తోంది. ఏం పనమ్మా అంటే, "డాక్యుమెంట్లు చెక్ చేస్తాను తాతయ్యా" అంటుంది. వికలాంగులు వాటిని వాడుకోగలరా లేదా అని చూడ్డం. ఇంత చదువూ చదివి కాగితాలు చూసే ఉద్యోగమేమిటని నేను లోలోపల అనుకుంటూ వుండేవాణ్ణి. మా ఆవిడ మాత్రం పేరంటాలలో, "కంప్యూటర్లో చేరి చివరికి తాతగారి ఉద్యోగమే చేస్తోందండీ" అని చెప్పుకుని మురిసిపోయేది.

నా గోడు విని మనవరాలు నా పుస్తకంలో ఒక వాక్యాన్ని కాపీచేసి వేరే పేజీలో అతికించింది. తెలుగు మాయమై, ఇంగ్లీషు అక్షరాల చిత్తడి ప్రత్యక్షమైంది.

"తాతయ్యా, నువ్వు చూసేది బొమ్మ. కంప్యూటరు లోపల వున్నది వేరు. తెలుగు డి.టి.పి. మొదలైన రోజుల్లో ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టి పనికానిచ్చారు. కంటికి 'క' కనిపిస్తుంది, లోపల ఏ కామానో కూచుని వుంటుంది. ఇవాళ్టికీ అచ్చుపనులకి ఆ పాత ఫాంట్లని చాలామంది వాడుతున్నారు."

నాకు ఠక్కున అర్థమైంది. మా కేసులో 'ప' గడిలో 'వ' పడేసిన కుర్రాడే! కాకపోతే వీడు మొత్తం కేసునే తారుమారు చేశాడు.

"మరి సరైన గళ్ళు లేవా?"

"ఎందుకు లేవు? యూనికోడ్ అని వుంది. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు వుంది. ప్రపంచంలో ఎక్కడైనా 'అ' కి 3077, 'క' కి 3093. తెలుగుకి మొత్తం 128 గళ్ళు కేటాయించారు. అందులో టైపుచేస్తే చదివే యంత్రానికి అది తెలుగని తెలుస్తుంది."

అదృష్టవశాత్తూ పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. డి.టి.పి. అబ్బాయి దగ్గర అసలు ఫైలు తీసుకుని మార్చాం. మారేటప్పుడు ఒత్తులు కొన్ని దారితప్పాయి. నూటఎనభై పేజీలూ మళ్ళీ కూచుని దిద్దాను. ఇక పంపేద్దామంటే మనవరాలు నవ్వి, "ఇప్పుడు నువ్వు పరీక్ష రాయాలి తాతయ్యా" అని తెర ఆర్పేసి, హెడ్‌ఫోను నా చెవులకి తగిలించింది.

"ఎనిమిదో వ్యాసానికి వెళ్ళు."

ఎలా వెళ్ళడం? తెర చీకటి. మౌసు చేతిలో వుంది గానీ బాణం ఎక్కడుందో తెలియదు. బాణంగుర్తు మీటతో ఒక్కొక్క వరసా దిగడం మొదలుపెట్టాను. ముందు విషయసూచిక. వ్యాసం పేరుకీ పేజీ నెంబరుకీ మధ్య అందంగా చుక్కలు పెట్టించాను కదా! "డాట్ డాట్ డాట్ డాట్" అంటూ చెవిలో వడగళ్ళ వాన. వ్యాసానికీ వ్యాసానికీ మధ్య మూడు చుక్కగుర్తులు వేయించాను. "స్టార్ స్టార్ స్టార్." పేజీలో జాగా రావడానికి ఎంటరు మీట పదిసార్లు కొట్టారు. "బ్లాంక్, బ్లాంక్, బ్లాంక్..." ఇరవై నిమిషాలయింది. ఇంకా రెండో వ్యాసంలోనే వున్నాను.

"అసలు మొదటి పుటకి పేరు కూడా సరిగా చదవలేదమ్మా ఇది!"

"అది దాని తప్పు కాదు. శీర్షికలో అక్షరానికీ అక్షరానికీ మధ్య నువ్వు ఖాళీలు పెట్టించావు. 'జ్ఞా ప కా లు' అని. అవి నాలుగు వేర్వేరు మాటలనుకుంది."

నలభై ఏళ్ళుగా అందమనుకుంటున్నవన్నీ ఒక్కొక్కటే నామీద సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాయి. శీర్షిక అంటే లావుపాటి అక్షరాలని నా నమ్మకం. చెవికి లావూ సన్నమూ ఏమిటి? అది శీర్షిక అని ఫైల్లో గుర్తుపెట్టాలి. వర్డులో అందుకు స్టైల్స్ అని వున్నాయి. అలా గుర్తుపెడితే, వినేవాడు 'హెచ్' మీట నొక్కుకుంటూ ఒక శీర్షికనుంచి ఇంకో శీర్షికకి గెంతుకుంటూ పోవచ్చు. మనం పుస్తకం పేజీలు తిరగేసినట్టే అన్నమాట. అది లేకపోతే ఎనిమిదో వ్యాసం కావలసినవాడు ఏడు వ్యాసాల్ని భరించాలి. నా వ్యాసాలే అయినా, ఆ శిక్ష ఎవరికీ వెయ్యకూడదు.

పుట మధ్యలో బాక్సు కట్టించి ముద్దుగా పెట్టిన మాటలూ అంతే. కంటికి అవి పక్కన నిలబడ్డ చుట్టాలు. చెవికి అవి ఏ వాక్యం నడుమ దూరతాయో తెలియదు. ఒక్కోసారి యంత్రం వాటిని చదవకుండానే దాటిపోతుంది. భాష తెలుగని ఫైల్లో చెప్పకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు చదవబోయి బోర్లాపడుతుంది. పట్టికలో ఏది శీర్షిక వరసో చెప్పకపోతే మార్కుల జాబితాలో '35' అని వినబడుతుందిగానీ అది లెక్కల్లోనో ఇంగ్లీషులోనో తెలియదు. 'ఎర్ర అక్షరాల్లో వున్నవి తప్పనిసరిగా నింపవలెను' అని రాస్తే, ఎరుపు కనిపించనివాడు ఏం నింపుతాడు?

"ఇదంతా చూపులేనివాళ్ళకోసమేనా?" అన్నాను.

"నీకోసం కూడా. నీ పుస్తకంలో వ్యాసాల పైన వున్న బూడిదరంగు వాక్యాలు నువ్వు చదవగలవా?"

చదవలేను. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్లయ్యాయి. అయినా బూడిదరంగు ఫ్యాషన్ అని డి.టి.పి. అబ్బాయి అంటే తలూపాను. అక్షరం రంగుకీ కాగితం రంగుకీ వెలుగులో కనీసం నాలుగున్నర రెట్లు తేడా వుండాలిట. పెద్ద అక్షరాలకి మూడు రెట్లు చాలట. దానికీ ఒక లెక్కవుంది, కొలిచే సాధనం వుంది. చెయ్యి వణికి మౌసు పట్టుకోలేనివాడు మీటలతోనే పని జరుపుకోవాలి. చెవి వినబడనివాడికి వీడియో కింద మాటలు పడాలి. దేశంలో 2011 జనాభా లెక్కలప్పుడే 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులున్నారని తేలింది. అందులో చూపు ఇబ్బంది వున్నవాళ్ళు యాభై లక్షలకి పైనే. 2016లో చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఇలా కంప్యూటర్ల ద్వారా పనులు చేసుకోగలగడం జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. మనవరాలు ఇవన్నీ ఎక్కాల్లా అప్పజెప్పింది.

చట్టం దారి చట్టానిది, గుమాస్తా దారి గుమాస్తాది. బావ ఆమధ్య నాకొక పింఛను సర్క్యులరు పంపి, ఇందులో ఏముందో చెప్పమన్నాడు. ఏ ఆఫీసో చెప్పను. ఆ ఆఫీసులో ఎవరో దాన్ని కంప్యూటర్లో శుభ్రంగా టైపుచేశారు. అంతవరకూ బావ చదువుకోగలడు. తర్వాత కాగితంమీద తీశారు. సంతకం పెట్టారు. గుండ్రంగా రబ్బరుస్టాంపు కొట్టారు. దాన్ని కాస్త వంకరగా స్కాన్ చేశారు. అది మళ్ళీ కంప్యూటర్లోకి వెళ్ళి పీడీఎఫ్ అయింది. ఇంత శ్రమపడి అక్షరాలన్నిటినీ ఒక ఫొటోగా మార్చి పంపారు. బావ యంత్రం దాన్ని చూసి నోరుమూసుకుంది. దానికి అది గోడమీది క్యాలెండరు బొమ్మలాంటిదే.

* * *

బావ అసలు కోరిక ఎనిమిదో వ్యాసం. దాని పేరు 'మా అక్కయ్య'.

ఈ మరమ్మతులన్నీ చూసి నాకు విసుగొచ్చి, "పోనీ బావా, మీ కోడలు చదివిపెడుతుంది కదా" అన్నాను ఒకరోజు.

"చదువుతాననే అంది. నేనే వద్దన్నాను."

"పోనీ నేను ఫోన్లో చదవనా?"

"నువ్వు చదివితే నడుమ నీ గొంతు పట్టుకుంటుంది. అప్పుడు నిన్ను నేను ఓదార్చాలి." కాసేపాగి అన్నాడు. "ఒరేయ్, ముప్ఫయ్యేళ్ళు ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు నేనే చదివిపెట్టాను. దుబాయినుంచి మొగుడు రాసినవీ, కాన్పుకెళ్ళిన పిల్ల రాసినవీ, చావు కబుర్లూ. చదువురాక నా ఎదురుగా నిలబడి వినేవాళ్ళు. తన ఉత్తరం ఇంకొకడి నోట వింటున్న మనిషి మొహం ఎలా వుంటుందో నాకు తెలుసు. నవ్వాలో ఏడవాలో కూడా నన్ను చూసి తేల్చుకునేవాళ్ళు. మీ అక్క గురించి నువ్వు రాసింది కోడలు చదువుతూంటే నేను మొహం ఎలా పెట్టుకుని కూచోవాలి? నా ఉత్తరం నన్ను చదువుకోనీ."

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మర్నాడు పొద్దున్నే మనవరాలి పక్కన కుర్చీ వేసుకున్నాను.

ఎనిమిదో వ్యాసంలో ఒక ఫొటో వుంది. 1971లో తీసింది, తెలుపూనలుపూ. ఫొటోకి మాటల్లో వివరణ ఒకటి లోపల రాసిపెట్టాలట, వినేవాళ్ళకోసం. దాన్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. అది లేకపోతే, ఇక్కడేదో బొమ్మ వుందని మాత్రం చెప్పి యంత్రం ముందుకి పోతుంది. పనయిపోతుంది కదా అని నేను ఒక్క మాట టైపుచేశాను. 'చిత్రం.'

వర్డులోనే తనిఖీ చేసే సాధనం ఒకటి వుంది. 2010 కూర్పునుంచీ వస్తోంది. ఆ మీట నొక్కితే బొమ్మకి వివరణ లేదనీ, పట్టికకి శీర్షిక లేదనీ వరసగా తప్పులు చూపిస్తుంది. నొక్కాం. సమస్యలేవీ లేవంది. మనవరాలు పెదవి విరిచింది గానీ నేను వినిపించుకోలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా సర్వీసులో ఏ ప్రూఫుకీ ఇలాంటి సర్టిఫికెట్ రాలేదు. వెంటనే బావకి పంపేశాను.

గంటలో ఫోను. "ఒరేయ్, ఎనిమిదో వ్యాసంలో 'చిత్రం' అంటోంది. చిత్రమే! ఏం చిత్రం?"

ఇంట్లో నవ్వులే నవ్వులు. నవ్వయ్యాక మనవరాలు చెప్పింది. "యంత్రానికి తెలిసింది అంతే తాతయ్యా. వివరణ రాసే చోటు ఖాళీగా వుందా, నిండిందా అని చూస్తుంది. ఏం రాశావో దానికి అక్కర్లేదు. శీర్షిక గుర్తు వుందా అంటుంది, అది శీర్షికేనా అనడగదు. అందుకే నాకింకా ఉద్యోగం వుంది. యంత్రం పాస్ చేశాకే నా పని మొదలవుతుంది."

అప్పుడు తెలిసింది, ఈ పిల్లది మా వంశంలో రెండో ప్రూఫ్ రీడరు ఉద్యోగమేనని. కాగితం చూసే ఉద్యోగం కాదు, కాగితం అవతలివాడికి చేరిందా లేదా అని చూసే ఉద్యోగం. నేను ముప్ఫయ్యేళ్ళు కాగితాన్ని చూశాను. అవతలివాడిని ఎప్పుడూ చూడలేదు.

సరే, ఫొటోకి వివరణ రాయాలి. నూటఎనభై పేజీలు రాసినవాడికి రెండు వాక్యాలొక లెక్కా? కూచున్నాను. మనవరాలి ఉపదేశాలు రెండే. 'ఈ ఫొటోలో' అని మొదలుపెట్టకు, బొమ్మ అని యంత్రమే చెబుతుంది. కనిపించనివాడికి ఏది తెలియాలో అది చెప్పు, పొడుగు వద్దు.

'ఒక స్త్రీ నిలబడి వున్నది' అని రాశాను. పోలీసు పంచనామాలా వుంది. కొట్టేశాను. 'సౌభాగ్యవతి, సహనశీలి...' అని మొదలుపెట్టాను. సన్మానపత్రం అయింది. కొట్టేశాను. ఫొటో తీసి దగ్గరగా పట్టుకుని చూశాను. యాభై ఏళ్ళుగా మా ఇంట్లో వున్న ఫొటో. దాన్ని నేనెప్పుడూ చూడలేదని అప్పుడే తెలిసింది. అక్కయ్య చేతిలో చెంబు వుంది. ఎడమచేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోతోంది. ఫొటో తీసేవాడు కదలొద్దని వుంటాడు. కళ్ళు మాత్రం ఫొటోవాడివైపు లేవు. పక్కకి, ఫొటోలో లేని ఎవరివైపో చూస్తున్నాయి.

మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది. మా ఆవిడ రెండుసార్లు కేకేసింది. చివరికి ఇలా తేలింది: 'అక్కయ్య, ఇరవయ్యేళ్ళ వయసులో, తులసికోట పక్కన తెల్లచీరతో, చేతిలో చెంబుతో. నవ్వు ఆపుకుంటూ పక్కకి ఎవరినో చూస్తోంది.'

పీడీఎఫ్ చేద్దామంటే, తెలుగు ఒత్తులు అందులో మళ్ళీ తారుమారయ్యే భయం వుందని, వర్డు ఫైలుగానే పంపించింది మనవరాలు.

* * *

ఆరోజు ఫోను రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాడు సాయంత్రం వచ్చింది. నాకు గుండె దడగానే వుంది.

"ఒరేయ్, నాకు పది రూపాయలు బాకీ."

"ఎందుకు బావా?"

"నూటపన్నెండో పేజీ అనుకుంటా. 'పుట్టింటినుంచి బండి కదిలేసరికి అక్కయ్య కాళ్ళలో నీళ్ళు తిరిగాయి' అని రాశావు. కాళ్ళలో నీళ్ళేమిట్రా? గోదావరి పొంగిందా?"

గబగబా అచ్చుపుస్తకం తీశాను. వుంది. నూటపన్నెండో పేజీ, కిందనుంచి నాలుగో వరస. 'కళ్ళలో' బదులు 'కాళ్ళలో'. మూడు ప్రూఫులూ, యూనికోడ్‌లోకి మార్చాక మళ్ళీ ఒకటీ, నాలుగుసార్లు నా కళ్ళముందునుంచే నడిచిపోయింది. చదవబోయేది ముందే తెలిసిన కన్ను, వున్నదాన్ని చూడదు, వుండాల్సినదాన్ని చూస్తుంది. చెవికి ఆ మొహమాటం లేదు. మూడువందల కాపీల్లో ఒక్కరూ పట్టుకోని తప్పుని చూపులేని మనిషి పట్టుకున్నాడు.

"ఇంకోటి" అన్నాడు బావ. గొంతు మారింది. "ఆ ఫొటో గురించి."

"చెప్పు బావా."

"తెల్లచీర కాదురా అది. గంధంరంగు. నా మొదటి జీతంలో రాజమండ్రిలో కొన్నాను."

నేనేమీ అనలేకపోయాను.

"ఆ ఫొటో తీసినప్పుడు నేను పందిరిగుంజ చాటున నిలబడి వెక్కిరిస్తున్నాను. నన్ను చూసే ఆ నవ్వు. అది ఎవరికీ తెలియదనుకున్నా. నువ్వు రాసేదాకా, ఆ నవ్వు ఫొటోలో పడిందని నాకూ తెలియదు. చూపున్నన్నాళ్ళూ ఆ ఫొటో గోడమీదే వుంది, ఒక్కనాడు సరిగా చూశానా!" కొంచెంసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "మూడుసార్లు విన్నాన్రా. గదిలో తలుపేసుకుని, ఒక్కణ్ణే" అన్నాడు.

ఫోను పెట్టేసి, మనవరాలిని పిలిచి 'తెల్లచీర' కొట్టేసి 'గంధంరంగు చీర' అని మార్చమన్నాను.

"ఫొటోలో తెల్లగానే వుందిగా తాతయ్యా? వున్నది వున్నట్టు చెప్పాలి కదా!" అంది, వృత్తిధర్మం వదలకుండా.

"చదివేవాడు చెప్పిన కరెక్షనమ్మా. వేసెయ్యి" అన్నాను.

వేసింది. మా ఆవిడ పక్కనుంచి, "ముందు ఆయన పది రూపాయలు పంపించండి" అని గుర్తుచేసింది. కళ్ళూ కాళ్ళూ కూడా దిద్ది, కొత్త ఫైలు బావకి పంపాం.

గంటకల్లా మళ్ళీ ఫోను. ఈసారి నవ్వు ఆపుకుంటున్నట్టు వుంది గొంతు.

"ఒరేయ్, చివర్లో నీ ఫొటో వుందట కదా. 'రచయిత, పాతికేళ్ళ ప్రాయంలో, ఒత్తయిన జుట్టుతో, చూడముచ్చటగా' అని చదువుతోంది."

"అవును బావా. ఏం?"

"మరో పది రూపాయలు పంపు."